టిప్పు సుల్తాను బాణాల దండు

బెంగుళూరునుంచి మైసూరు పోయే బండి శ్రీరంగపట్టణం దగ్గర కావేరి పాయను దాటి కోటలోనికే పోయి ఆగుతుంది. స్టేషను కోటలోనే వున్నది. ఆ దారికి రెండవ లైను వేయవలసి వచ్చినప్పుడు టిప్పు సుల్తాను నాటి మందుకొట్టు ఒకటి సరిగ్గా అడ్డం వచ్చింది. పడగొట్టడానికి పురావస్తుశాఖ వారు ఒప్పుకొనలేదు. చివరకు 2017 మార్చిలో ఆ కట్టడం అడుగున ఉక్కుదూలాలు దూర్చి, జాకీలతో ఎత్తి, సుమారు వెయ్యి టన్నుల బరువును ఇటుక రాలకుండా నూరు మీటర్లకు పైగా పక్కకు జరిపారు. లైనుకు దారి దొరికింది, కొట్టూ మిగిలింది. రైల్వేలో గుమాస్తాపని చేసేవాణ్ణి కనుక ఈ సంగతి నన్ను ఎక్కువగా పట్టుకొన్నది. అంత శ్రమపడి కాపాడిన కొట్టులో ఒకప్పుడు దాచిన మందు దేనికి ఉపయోగపడింది, దాన్ని దాచినవాడు ఎటువంటివాడు అని ఆరా తీయగా తెలిసిన కథ ఇది. మనం ఎన్ని తరాలుగా ఈ కన్నడదేశంలో వుంటున్నా, దీనిలో మన తెలుగుసీమల పాలు ఎంత వున్నదో నాకు అంతకుముందు తెలియదు.

కథ కోలారు జిల్లాలోని బూదికోటలో మొదలవుతుంది. నేటికీ ఆ చుట్టుపట్ల వూళ్లలో ఇంటిమాట తెలుగే. టిప్పు తాత ఫతే మహమ్మదు ఆర్కాటు నవాబు కొలువులో 50 మంది బాణాలవాళ్లకు నాయకుడుగా వుండేవాడని చెబుతారు. బాణమంటే ఇక్కడ వింటినుంచి వదిలే బాణం కాదు, తారాజువ్వ. మందు కూరిన గొట్టాన్ని వెదురుకు కట్టి శత్రువుమీదికి వదలడం దక్షిణాదిలో అప్పటికే పాత విద్య. అంటే ఆ కుటుంబానికి ఈ జువ్వలపని తాతనాటి వృత్తి. ఫతే మహమ్మదు కుమారుడు హైదరాలీ బూదికోటలోనే పుట్టి, మైసూరు దళవాయిల కింద చిన్న సిపాయిగా చేరి, 1761 నాటికి రాజ్యమంతా తన చేతిలోకి తెచ్చుకొన్నాడు. అతనికి చదువు రాదు, జ్ఞాపకశక్తిమాత్రం అసాధ్యమైనది.

ఈ హైదరుకు 1750 నవంబరు 20వ తేదీన దేవనహళ్లిలో కొడుకు పుట్టాడు. ఆర్కాటులో టిప్పు మస్తాన్ ఔలియా అనే సాధువు సమాధి వున్నది. సంతానం కోసం అక్కడ మొక్కుకొన్నందువల్ల పిల్లవాడికి ఆ పేరే పెట్టారు. తండ్రికి లేని చదువు కొడుక్కు బాగా చెప్పించారు. కాని చదువుకంటె ముందే దండుపని తలకెత్తుకోవలసివచ్చింది. మొదటి మైసూరు యుద్ధం 1767లో వచ్చేనాటికి టిప్పుకు పదిహేడేళ్లు. గుర్రపుదండుతో చెన్నపట్టణం పొలిమేరలదాకా పోయి కుంఫిణీ దొరలను హడలుగొట్టాడు. 1769లో సంధి జరిగింది. ఒకరికి ఆపద వస్తే రెండవవారు సాయం రావాలని అందులో షరతు. రెండేళ్లు తిరక్కుండానే మరాఠాలు మైసూరుమీద పడ్డారు, కుంఫిణీవారు కదలలేదు. తండ్రికొడుకుల మనసులో అది శల్యంలా నిలిచిపోయింది.

ఇక బాణం సంగతి. తారాజువ్వ ఎలా ఎగురుతుందో దీపావళి చేసుకొన్న ప్రతివారికీ తెలుసు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందును గొట్టంలో దట్టించి అంటిస్తే నిప్పూ పొగా వెనుకవైపు రంధ్రంనుంచి తన్నుకొని వస్తాయి; ఆ తోపుకు గొట్టం ముందుకు పోతుంది. వెనుక కట్టిన పుల్ల తోకలాగా వుండి దాన్ని పల్టీలు కొట్టకుండా కాపాడుతుంది. గొట్టం కాగితందో వెదురుదో అయితే మందు గట్టిగా దట్టించడానికి వీలుండదు. గాలి వత్తిడి పెరిగితే అది ఎగరడానికి బదులు ఉన్నచోటనే పగిలిపోతుంది. మైసూరు కమ్మరులు చేసిన మార్పల్లా, కాగితం స్థానంలో ఇనుపగొట్టం పెట్టడమే. వినడానికి ఇంతే. కాని ఇనుము ఎక్కువ వత్తిడికి తట్టుకొంటుంది గనుక మందు ఎక్కువగా, గట్టిగా కూరవచ్చు. అంతే వేగంగా, అంతే దూరంగా పోతుంది. గొట్టం పొడవు ఎనిమిది అంగుళాలు అటూ ఇటూ, అడ్డుకొలత ఒకటిన్నర మొదలు మూడంగుళాలు. దాన్ని తోలువార్లతో నాలుగడుగుల వెదురుకు బిగించేవారు. కొన్నింటికి వెదురుకు బదులు కత్తి అలుగు కట్టేవారు; అది గాలిలో తిరుగుతూ వచ్చి జనంమధ్య పడేది. వెయ్యి గజాల దూరం మామూలుగా అందేది, కొన్ని మైలుకు పైగా పోయేవి. ఆనాడు ఐరోపాలో ఏ రాజు దగ్గరా ఇటువంటి బాణం లేదు.

ఇనుము దొరకని దేశంలో ఈ పని జరగదు. మైసూరుసీమలో కొండవాగుల నల్ల ఇసుకను బొగ్గుల కొలిమిలో కరిగించి ఇనుము తీసే కుటుంబాలు పల్లెపల్లెనా వుండేవి. ఆ ఇనుమును మట్టిమూసలో పెట్టి ఉక్కు చేసే పని మైసూరులోనూ, మన తెలంగాణలో కోనసముద్రం ప్రాంతంలోనూ పేరుపడ్డది. ఆ కమ్మరుల పేర్లు ఒక్కటీ చరిత్రకెక్కలేదు. ఇనుపగొట్టం ఆలోచన హైదరుకు తట్టిందా, ఏ కొలిమి దగ్గర కూర్చున్నవాడికో తట్టిందా అని అడిగితే, రెండవదే నిజమై వుంటుందని నా అభిప్రాయం. కొలిమివాడి పనిని గుర్తించి దండులోకి ఎక్కించిన తెలివిమాత్రం తండ్రికొడుకులది. హైదరు కాలంలో బాణాలవాళ్లు 1,200 మంది అనీ, టిప్పు కాలంలో 5,000 మందిదాకా పెరిగారనీ లెక్క చెబుతారు. టిప్పు ప్రతి పటాలానికీ ఒక బాణాల జట్టును చేర్చి, దూరాన్నిబట్టీ గొట్టం లావునుబట్టీ ఎంత వాలుగా పెట్టి వదలాలో వాళ్లకు నేర్పించాడు. ఒకేసారి కొన్ని బాణాలను వదిలే బండ్లు కూడా వుండేవి.

బండ్లమాట వచ్చింది గనుక ఎడ్లమాట కూడా చెప్పాలి. హైదరు దగ్గర దండు సామాను లాగడానికి ప్రత్యేకంగా పెంచిన ఎడ్లజాతి వుండేది. వాటి సాయంతో అతడు చిదంబరం కాపాడుకోవడానికి రెండున్నర రోజుల్లో 100 మైళ్లు నడిచాడని ఇంగ్లీషువారే రాసుకొన్నారు. ఆ మందల శాఖకు టిప్పు అమృతమహలు అని పేరు పెట్టాడు. నేటికీ ఆ జాతికి అదే పేరు. ఎడ్లు లేకపోతే ఫిరంగీ లేదు, బాణమూ లేదు.

ఇనుపబాణాల ప్రతాపం లోకానికి తెలిసింది 1780 సెప్టెంబరు 10వ తేదీన, కంచికి దగ్గరలోని పొల్లిలూరులో. ఆ ఏడు హైదరు కర్ణాటకంమీదికి దిగగానే కుంఫిణీవారు రెండు దండులను కలపాలనుకొన్నారు. ఒకటి చెన్నపట్టణంనుంచి మన్రో నడిపేది, రెండవది మన గుంటూరు సర్కారులో విడిసివున్న బెయిలీ దండు. బెయిలీ గుంటూరునుంచి దక్షిణంగా నడిచి ఆగస్టు చివర కుశస్థలి నది ఒడ్డుకు చేరాడు. ఆనాడు ఏటిలో నీరు లేదు. సాయంత్రం దాటక ఉత్తరపు గట్టున దిగాడు. తెల్లవారేసరికి వరద. చిత్తూరు కొండల్లో ఎక్కడో కురిసిన వాన అతణ్ణి వారం పైచిలుకు కదలనివ్వలేదు. దాటిన తరువాత టిప్పు ఎదురయ్యాడు. సహాయంగా మన్రో పంపిన చిన్నదండు కలిసినా అందరూ కలిపి సుమారు 3,800 మంది. పొల్లిలూరు దగ్గర తెల్లవారుజామున హైదరు కూడా వచ్చిపడ్డాడు. నాలుగువైపులనుంచీ ఫిరంగులు, బాణాలు. ఇంగ్లీషువారి మందుబండ్లు అంటుకొని పేలిపోయాయి. ఫిరంగిగుండు తగిలి పేలాయనేవారు కొందరున్నా, బాణంవల్లనే అన్నమాట ఎక్కువగా వినబడుతుంది. మందు పోయిన దండు ఎంతసేపు నిలవగలదు? బెయిలీతోసహా బతికినవారు బందీలయ్యారు. ఒక పూట నడక దూరంలో కంచిలో కూర్చున్న మన్రో సాయం రాకపోగా, పెద్ద ఫిరంగులను గుడి కోనేట్లో పారవేసి వెనక్కు పోయాడు. బెయిలీ 1782లో శ్రీరంగపట్టణం చెరలోనే చనిపోయాడు. బందీలలో డేవిడ్ బెయిర్డ్ అనే కాప్టెను ఒకడున్నాడు; మూడేళ్ల ఎనిమిది నెలలు సంకెళ్లలో వున్నాడు. చదువరులు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

ఈ యుద్ధాన్ని టిప్పు శ్రీరంగపట్టణంలోని దరియాదౌలతు తోటమేడ పడమటి గోడమీద బొమ్మ గీయించాడు. బెయిలీ పల్లకిలో వున్నాడు, మందుబండి భగ్గున పేలుతున్నది. మైసూరు చూడబోయేవారు బృందావనానికి పరుగెత్తే ముందు ఆ గోడముందు కాసేపు నిలబడితే బాగుంటుంది.

యుద్ధం నడుస్తుండగానే 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండువిడిదిలో హైదరు రాచపుండుతో మరణించాడు. టిప్పు అప్పుడు మలబారు తీరంలో వున్నాడు. పూర్ణయ్య, కృష్ణారావు అనే మంత్రులు సంగతి పొక్కనీయకుండా దేహాన్ని పెట్టెలో పెట్టించి, ఖజానా పెట్టె తరలిస్తున్నట్లుగా కోలారుకు పంపారు. టిప్పు వచ్చేదాకా దండు చెదరలేదు. 1784లో మంగుళూరు సంధి జరిగింది. కుంఫిణీవారు ఒక దేశీయ రాజుతో తమ మాట నెగ్గని సంధికి తలవంచడం అదే చివరిసారి అంటారు.

టిప్పు ఏలిక పదహారేళ్ల పైచిలుకు. ఆ కాలంలో అతడు చేతులు పెట్టని పని లేదు. తూనికలు మార్చాడు, కొలతలు మార్చాడు, నాణేలకు కొత్త పేర్లు పెట్టాడు. పట్టుపురుగులు తెప్పించాడు. ఉగాది సంచికలో చెప్పతగిన మాట ఒకటి: టిప్పు పెట్టిన కొత్త పంచాంగంలో సంవత్సరాలు మనకు మల్లేనే అరవై, అధికమాసాలు మనవే, మొదటి నెల మన చైత్రమే. పేర్లుమాత్రం తన భాషలో పెట్టుకొన్నాడు. కనుక సుల్తానుగారి సంవత్సరాది కూడా మన ఉగాదినాడే వచ్చేది!

ఆయుధాలపని అతనికి అన్నిటికంటె ముఖ్యం. శ్రీరంగపట్టణం, బెంగుళూరు, చిత్రదుర్గం, బిదనూరులలో తారామండలాలనే పేరుతో పనిశాలలు నడిచాయి. బెంగుళూరు పాతపేటలో తారామండలపేట అన్న పేరు దానికి గుర్తే. ఫిరంగి గొట్టాలను తొలిచే యంత్రాన్ని పెట్టించాడు. 1787లో ఫ్రాన్సుకు రాయబారులను పంపాడు. వాళ్లు మరుసటేడు పదహారవ లూయీని చూసి, తుపాకులు చేసేవారినీ, గడియారాలు, గాజు చేసేవారినీ అడిగారు. సైన్యసాయం దొరకలేదు, కొందరు పనివాళ్లుమాత్రం వచ్చారు. విదేశంనుంచి తయారైన తుపాకి తెప్పించుకొంటే చాలదు, తుపాకి చేసేవాడే కావాలి అన్న సంగతి ఆనాటి మన రాజులలో ఇంత స్పష్టంగా తెలిసినవాడు మరొకడు కనబడడు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. టిప్పు పేరు చెబితే కొడగులోనూ మలబారులోనూ ఇప్పటికీ కళ్లు ఎర్రబడే ఇళ్లున్నాయి. బలవంతపు మతమార్పిడులు, వేలమందిని వూళ్లు వదిలించి శ్రీరంగపట్టణానికి తోలడం జరిగిన పనులు. మేలుకోట మండ్యం అయ్యంగార్లు నరకచతుర్దశినాడు పండుగ చేసుకోరు. తమ పూర్వులను ఆనాడే సుల్తాను చంపించాడని వాళ్ల ఇళ్లలో చెప్పుకొంటారు. మనపిల్లలు తారాజువ్వలు వదిలే ఆ రోజున ఆ వీధుల్లో దీపం వుండదు. అతడే 1791లో మరాఠా దండు దోచిన శృంగేరి మఠానికి ధనమూ, శారదాదేవి ప్రతిష్ఠకు సామగ్రీ పంపాడు. ఈ రెండూ ఒక మనిషి చేసినవే. ఒకటి చూపి రెండవదాన్ని కొట్టివేయడం నాకు చేతకాదు.

1790లో కుంఫిణీవారు, నిజామువారు, మరాఠాలు ఒక్కటై టిప్పుమీదికి వచ్చారు. 1791 మార్చిలో బెంగుళూరు కోట పోయింది. 1792 ఫిబ్రవరిలో కార్న్‌వాలిసు శ్రీరంగపట్టణం చుట్టుముట్టాడు. బాణం గుర్రాలను బెదరగొట్టగలదు, మందుబండిని తగలబెట్టగలదు, చీకట్లో దండును చెదరగొట్టగలదు. కోటగోడకు గండి కొట్టే పెద్ద ఫిరంగిని అది ఆపలేదు. ముగ్గురు శత్రువులను అసలే ఆపలేదు. సంధిలో సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, అవి చెల్లేదాకా తాకట్టుగా ఇద్దరు చిన్నకొడుకులు పోయారు. రెండేళ్ల తరువాత పిల్లలు తిరిగివచ్చారు. హైదరు 1770-80 మధ్య గెలిచిన కడప మొదలైన సీమలు నిజామువంతుకు పోయాయి. అవీ, 1799లో దొరికినవీ కలిపి నిజాము 1800లో కుంఫిణీకి ఇచ్చివేశాడు. మన రాయలసీమను చాలాకాలం దత్తమండలం అన్నది అందుకే. శ్రీరంగపట్టణం గోడ కూలిన దెబ్బ అనంతపురం, బళ్లారి పల్లెల పన్ను చిట్టాలదాకా వెళ్లింది.

1799లో చివరి యుద్ధం. ఏప్రిలు 5వ తేదీ రాత్రి కోటకు దగ్గరలోని సుల్తానుపేట తోపుమీదికి ఆర్థర్ వెల్లెస్లీ అనే యువ కల్నలు దండుతో పోయాడు. చిమ్మచీకటి, కాలవలు, పైనుంచి బాణాలు. దండు చెల్లాచెదరైంది, పన్నెండుగురు పట్టుబడి ప్రాణాలు పోగొట్టుకొన్నారు, కల్నలు దారితప్పి తిరిగివచ్చాడు. తెల్లవారి ఎక్కువ బలంతో ఆ తోపు పట్టుకొన్నాడనుకోండి. 1815లో వాటర్లూలో నెపోలియనును ఓడించిన వెలింగ్టను ఇతడే. అంతటివాణ్ణి ఒక రాత్రి వెనక్కు పంపినవి మన కమ్మరుల జువ్వలు.

నెల తిరిగింది. వేసవి కావేరి కాలినడకన దాటేటంత చిక్కింది. మే 2వ తేదీన కోటలోని బాణాలకొట్టుమీద గుండు పడి, దాచిన బాణాలన్నీ ఒక్కసారి పేలిపోయాయి. శత్రువుమీదికి పోవలసిన నిప్పు సొంతకోటలోనే రేగింది. పడమటిగోడకు గండి పడింది. మే 4వ తేదీ మిట్టమధ్యాహ్నం దాటగానే ఆ గండిలోనుంచి దండును నడిపించినవాడు ఎవరనుకొన్నారు? వెనుక ఆ కోటలోనే సంకెళ్లలో పడివున్న డేవిడ్ బెయిర్డ్, ఇప్పుడు జనరలు. మీర్ సాదిక్ అనే మంత్రి సరిగ్గా ఆ వేళకు సిపాయిలను జీతాలకని పక్కకు పిలిచాడని కన్నడదేశంలో పిల్లలకుకూడా తెలిసిన కథ. టిప్పు పారిపోలేదు. గోడమీదినుంచి పోరాడుతూ వచ్చి, ద్వారంలో సిపాయిల మధ్య పడిపోయాడు. చీకటిపడ్డాక దివిటీలతో వెతికితే శవాల గుట్టకింద దొరికాడు. ఏళ్లు నలభై ఎనిమిది. మరునాడు లాల్‌బాగులో తండ్రి పక్కన సమాధి చేశారు. కొడుకులను వేలూరుకు, 1806 తిరుగుబాటు తరువాత కలకత్తాకు పంపివేశారు.

కోట చిక్కినాక కుంఫిణీవారు సామాను లెక్క వేశారు. వాడుకకు సిద్ధంగా వున్న బాణాలు 700, వదిలే సాధనాలు 600, ఖాళీ గొట్టాలు 9,000 అని ఆ లెక్క. గుమాస్తా కంటికి ఈ పట్టీలో చివరి అంకె గుచ్చుకొంటుంది. తొమ్మిదివేల గొట్టాలు కొలిమినుంచి వచ్చి, మందు లేక వరుసగా పడివున్నాయి. మరొక సంగతి: గొట్టానికీ గొట్టానికీ కొలత కలవదు. ఒక్కొక్క కమ్మరి తన చేతివాటాన్నిబట్టి చేశాడు. బజారులో తూనికరాళ్లను సైతం దిద్దిన సుల్తాను ఈ గొట్టాలకు ఒక కొలత బిగించలేకపోయాడు. మా రైల్వేలో ఒక బోల్టుకైనా నక్షా వుంటుంది, దానికి నెంబరు వుంటుంది. గుంతకల్లులో చేసినది హుబ్బళ్లిలో సరిపోవాలి. కొలత కలవని బాణం ఎటు పోతుందో వదిలినవాడికీ తెలియదు. దండుమీద పడితే చాలుననుకొన్నప్పుడు అది తప్పుగా కనబడలేదు.

ఆ పని ఇంగ్లీషువారు చేశారు. శ్రీరంగపట్టణంలో దొరికిన బాణాలు కొన్ని లండను దగ్గరి వూలిచ్ ఆయుధశాలకు చేరాయి. విలియం కాంగ్రీవు అనేవాడు ఇనుపగొట్టం గుట్టు పట్టుకొని, మందు పాళ్లు మార్చి చూసి, బరువులనుబట్టి తరగతులు ఏర్పరచి, ప్రతిసారీ వదిలి కొలిచి, రాసిపెట్టుకొన్నాడు. అతని 32 పౌన్ల బాణం 3,000 గజాలు పోయింది. 1806లో ఫ్రాన్సు రేవుపట్టణం బులోన్ మీద, 1807లో కోపెన్‌హేగన్ మీద వాటిని కురిపించారు. కోపెన్‌హేగన్‌లో చాలా ఇళ్లు కాలిపోయాయి. 1814లో అమెరికాలోని బాల్టిమోరు కోటమీద పడ్డ బాణాల ఎర్రని వెలుగు ఆ దేశపు జాతీయగీతంలోకి ఎక్కింది. ఆ గీతం పాడేవారిలో ఎందరికి బూదికోట పేరు తెలుసు?

అబ్దుల్ కలాంగారు యువకుడుగా 1963లో అమెరికాలోని వాలప్స్ రాకెట్టు కేంద్రానికి శిక్షణకు వెళ్లినప్పుడు, అక్కడి గోడమీద ఒక యుద్ధపు బొమ్మ చూశారట. బాణాలు వదులుతున్న సిపాయిలు తెల్లవారు కారు, నల్లవారు. దగ్గరికి పోయి చూస్తే టిప్పు దండు. ఇంటిదగ్గర మరిచిన బొమ్మను సముద్రంఅవతల గోడకు తగిలించారని ఆయన తన జీవితకథలో ఆశ్చర్యపడ్డారు. ఆ తరువాత బెంగుళూరు శాస్త్రవేత్త రొద్దం నరసింహగారు 1985లో మైసూరు బాణాలను ఇంగ్లీషు బాణాలతో పోల్చి శాస్త్రీయంగా రాశారు. రొద్దం మన అనంతపురంసీమ వూరిపేరే.

టిప్పు బిదనూరును నేడు నగర అంటారు. శివమొగ్గ జిల్లాలో వున్నది. అక్కడ 2002లో ఒక పాడుబావి పూడిక తీస్తుంటే ఇనుపగొట్టాలు నూటయాభైకి పైగా దొరికాయి. ఫిరంగిగుండ్లని మొదట అనుకొన్నారు. బాణాలని తేల్చడానికి ఏళ్లు పట్టింది. 2018 జూలైలో పురావస్తుశాఖ వారు అదే బావిని మళ్లీ తవ్వితే వెయ్యికి పైగా బయటపడ్డాయి. ఒక్కొక్కటి జానెడు పైచిలుకు పొడవు, తుప్పుపట్టి, బురద నిండి వున్నాయి. ఎవరు పడవేశారో, శత్రువు చేతికి చిక్కకూడదని పడవేశారో చెప్పే కాగితం లేదు. ఇప్పుడవి శివమొగ్గ మ్యూజియంలో వున్నాయి. రెండువందల ఏళ్లు నీళ్లలో, మట్టిలో పడివున్నా, తవ్వినప్పుడు ఆ బావిమట్టి తుపాకిమందు వాసన కొట్టిందని తవ్వినవారు చెప్పారు.